అతిస్వేదానికి సూదిమందు

పరీక్ష వ్రాసే విద్యార్థి అరచేతి క్రింద రుమాలు పరచుకున్నా జవాబు పత్రం తడిసిపోతుంది. పెండ్లిపీటల మీద పాణిగ్రహణ సమయాన చేయి అందించడానికే వధువు సంకోచిస్తుంది. ఎండ, శ్రమ లేకున్నా అరచేతులు, అరికాళ్లు, చంకలు ధారగా చెమర్చడమే అతిస్వేదం. ఇది అపరిశుభ్రత వలన కలిగేది కాదు; పిరికితనమూ కాదు.

స్వేదం మేదోధాతువు యొక్క మలమనీ, స్వేదవహ స్రోతస్సులకు మేదస్సు, రోమకూపాలు మూలమనీ ఆయుర్వేదం చెబుతున్నది. నాడుల కొసల నుండి వెలువడే ఎసిటైల్‌కొలీన్ అనే ద్రవ్యం స్వేదగ్రంథులను ప్రేరేపిస్తుందని ఆధునిక వైద్యం వివరిస్తున్నది. ఈ ద్రవ్యం వెలువడకుండా అడ్డుకొనేదే బొట్యులినం సూదిమందు. చెడిన నిలువ ఆహారంలో ఒక సూక్ష్మజీవి పుట్టించే భయంకర విషమే దీనికి మూలం. శుద్ధి చేసిన వత్సనాభి తగిన మోతాదులో ఔషధమైనట్లే, ఈ విషమూ అత్యల్ప మోతాదులో ఔషధమవుతున్నది.

చికిత్సా విధానం

చర్మానికి అయొడిన్ పూసి, పిండిపొడి చల్లితే చెమట పట్టే చోటు నల్లబడుతుంది. అక్కడ సన్నని సూదితో చర్మం లోపలి పొరలోనికి మందు ఎక్కిస్తారు. ఒక్కొక్క చంకకు సాధారణంగా 50 యూనిట్ల మందును 10 నుండి 15 చోట్ల పంచి ఇస్తారు. చంకలలోని తీవ్ర అతిస్వేదానికి దీనిని అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2004లో అనుమతించింది. సుమారు వారంలో గుణం కనిపించి, కొన్ని నెలల పాటు నిలుస్తుంది. పిదప చెమట తిరిగి వస్తుంది గనుక ఇది శాశ్వత నివారణ కాదు. అరచేతులలో ఇస్తే నొప్పి అధికం. కొన్నాళ్లు పట్టు సడలవచ్చు. గర్భిణులు, బాలింతలు, కండరాల బలహీనత వ్యాధి గలవారు దీనిని కోరరాదు. చర్మవ్యాధి నిపుణుని చేతనే చేయించుకోవాలి.

సూదికి ముందు

థైరాయిడ్ అధికంగా పనిచేయడం, మధుమేహ రోగికి చక్కెర పడిపోవడం, క్షయ వంటి కారణాలున్నవేమో ముందుగా పరీక్షింపజేసుకోవాలి. రాత్రివేళ దుస్తులు తడిసేలా చెమట పట్టి, బరువు తగ్గుతుంటే ఉపేక్షించరాదు. ఛాతీ నొప్పితో చల్లని చెమటలు పడితే తక్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏ వ్యాధీ లేదని తేలినచో, రాత్రి పొడి చర్మానికి అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం పూయడం మొదటి చికిత్స. స్వల్పమైన చెమటకు పటిక కలిపిన నీటితో కడగడం, నూలు వస్త్రాలు ధరించడం, వట్టివేళ్లు నానిన నీరు త్రాగడం ఉపశమనమిస్తాయి. వీటితో తగ్గని తీవ్ర బాధకే సూదిమందు.