అమ్మ వ్యాను తీసుకెళ్ళిన కుర్రాడు - ఒక ర్యాప్ ఆల్బం కథ



ఈ వారం నేను ర్యాప్ పాటల గురించి మాట్లాడతాను. కంగారుపడి రేడియో కట్టేయకండి. ఘంటసాల గురించో, త్యాగరాజు గురించో చెప్పగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, నాకన్నా బాగా చెబుతారు కూడా. కానీ మనం హాల్లో ఘంటసాల పెట్టుకుని కూర్చున్నప్పుడు, పైన తలుపు మూసిన గదిలో పిల్లలు వింటున్నది ర్యాప్. మెట్ల దగ్గర నిలబడితే మనకి తెలిసేది దబదబమనే చప్పుడు, మధ్యమధ్యలో నాలుగు బూతులు. "ఏమిట్రా ఆ గోల, ఆపు" అంటాం. వాడు హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటాడు. మనకి గోల ఆగుతుంది, వాడు వినడం మాత్రం ఆగదు.

ఆ గోలలో ఏముందో తెలుసుకోవాలని, మా అబ్బాయి మెచ్చుకునే ఆల్బం ఒకటి అడిగి తీసుకుని, పాటల మాటలు ఎదురుగా పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా వరసగా విన్నాను. అది కెండ్రిక్ లమార్ అనే గాయకుడు 2012 అక్టోబరులో విడుదల చేసిన "గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ". మనవాళ్ళకి సర్టిఫికెట్ చూపిస్తే గానీ నమ్మకం కుదరదు కనక ముందే చెబుతున్నాను. ఈయన 2017లో చేసిన మరో ఆల్బం "డ్యామ్" కి 2018లో పులిట్జర్ బహుమతి వచ్చింది. సంగీతానికి ఇచ్చే ఆ బహుమతి శాస్త్రీయ సంగీతం, జాజ్ దాటి బయటికి రావడం అదే మొదటిసారి.

ఈయన 1987లో కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో పుట్టాడు. లాస్ ఏంజెలెస్‌కి దక్షిణాన ఉన్న ఊరు అది. తల్లిదండ్రులది షికాగో. అక్కడి గ్యాంగుల గొడవలకి దూరంగా బతకాలని 1984లో కాంప్టన్ వచ్చి పడ్డారు. ఊరు మారిస్తే బతుకు మారుతుందని నమ్మి బయల్దేరినవాళ్ళు. ఆ మాట మనకి కొత్త కాదు. అయితే వాళ్ళు వచ్చిన చోట కూడా గ్యాంగులే ఎదురయ్యాయి.

ఈ ఆల్బం అట్ట మీద "కెండ్రిక్ లమార్ తీసిన చిన్న సినిమా" అని అర్థం వచ్చే మాట వేసుకున్నాడు. అది ఊరికే వేసింది కాదు. పన్నెండు పాటలూ కలిపి ఒకే కథ. పాటకీ పాటకీ మధ్య మాటలుంటాయి, ఫోన్ మెసేజ్‌లుంటాయి, కుర్రాళ్ళ కబుర్లుంటాయి. హరికథలో పాట, వచనం ఒకదాన్నొకటి అందుకుంటూ నడవవూ, అలాగన్నమాట. పాటలు మాత్రం విని మధ్యలో మాటలు వదిలేస్తే కథ జారిపోతుంది.

కథ చిన్నదే. పదిహేడేళ్ళ కుర్రాడు, పేరు కెండ్రిక్కే. పదిహేను నిమిషాల్లో వస్తానని చెప్పి అమ్మ వ్యాను తీసుకుని షెరేన్ అనే అమ్మాయిని చూడ్డానికి బయల్దేరతాడు. ఆమె ఇంటి దగ్గరికి వెళ్ళేసరికి నల్లటి ముసుగు చొక్కాలు వేసుకున్న ఇద్దరు నిలబడి ఉంటారు. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగుతుంది. వీడు ఎత్తడు. అమ్మ మెసేజ్ పెడుతుంది. ఎక్కడున్నావు, నేను ప్రభుత్వ ఆఫీసుకి పోవాలి, ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నారు, వ్యాను తీసుకురా అని. వెనకాల నాన్న తన డామినోస్ ఆట బిళ్ళలు ఏమయ్యాయని గొణుగుతుంటాడు. మొదటి పాట అక్కడ ఆగిపోతుంది.

తరువాత కథ వెనక్కి వెళ్ళి, అంతకుముందు ఆ రోజు ఏం జరిగిందో చెబుతుంది. "బ్యాక్‌సీట్ ఫ్రీస్టైల్" అనే పాట ఉంది. మన మెట్ల దగ్గరికి వినిపించే పాట అదే అయి ఉంటుంది. డబ్బు, ఆడవాళ్ళు, అధికారం, నా అంతవాడు లేడు, ఇదీ ధోరణి. విడిగా వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. కానీ అది పెద్దవాడైన గాయకుడి అభిప్రాయం కాదు. కారు వెనక సీట్లో కూర్చుని, స్నేహితుల ముందు గొప్పలు పోతున్న పదిహేడేళ్ళవాడి మాట. రాయబారం నాటకంలో దుర్యోధనుడి వేషం కట్టినవాడు మీసం మెలేసి పద్యం అందుకుంటే మనం వన్స్ మోర్ కొడతాం. నటుడికి అంత గర్వమేమిటని ఎవరూ కోప్పడరు, ఎందుకంటే తరువాత ఏం జరుగుతుందో మనకి తెలుసు. ఆ పద్యం ఒక్కటే విని నాటకం చూడనివాడికి మాత్రం అది గర్వాన్ని పొగిడినట్టే ఉంటుంది. ఈ ఆల్బంలో చాలా పాటలకి ఇదే తాళంచెవి: ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరు, ఏ వయసువాడు, ఎవరి ఎదుట?

ఆ తరువాతి పాట "ది ఆర్ట్ ఆఫ్ పియర్ ప్రెషర్", సావాసగాళ్ళ ఒత్తిడి గురించి. నలుగురూ కలిసి కారులో తిరుగుతారు, ఒక ఇంట్లో దొంగతనం చేస్తారు, పోలీసు కారు వెంటబడి అదృష్టం కొద్దీ పక్కకి తిరిగిపోతుంది. పాట పొడుగునా వాడు చెప్పేది ఒకటే. మామూలుగా నేను తాగను, మామూలుగా నేను కొట్లాడను, కానీ ఇవాళ వీళ్ళతో ఉన్నాను. చెడ్డ పిల్లవాడు చెడు చేస్తే అది కథ కాదు. మంచి పిల్లవాడు, ఇంట్లో బుద్ధిగా ఉండేవాడు, నలుగురిలో మరో మనిషి కావడం, అదీ ఈ కథ. తల్లిదండ్రులుగా మనం భయపడేదీ దానికే.

తిరిగి షెరేన్ ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆ ఇద్దరూ వ్యాను ఆపి, నీది ఏ పేట, మీ వాళ్ళు ఎక్కడుంటారు అని అడిగి కొడతారు. కాంప్టన్‌లో నీ పేట ఏదన్న ప్రశ్నకి తప్పు జవాబు లేదు, ఒప్పు జవాబూ లేదు. తరువాత వచ్చే "గుడ్ కిడ్" పాటలో ఎరుపు, నీలం అనే రెండు రంగులు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఎరుపు బ్లడ్స్ అనే గ్యాంగు రంగు, నీలం క్రిప్స్ రంగు. పాట సగానికి వచ్చేసరికి అవే రంగులు పోలీసు కారు మీద వెలిగే దీపాలవుతాయి. గ్యాంగువాడు ఏ గ్యాంగువాడివని అడుగుతాడు, పోలీసు చొక్కా ఎత్తి పచ్చబొట్టు చూపించమంటాడు. ఏ గ్యాంగులోనూ లేని పిల్లవాడు ఇద్దరికీ దొంగే. రెండే రెండు రంగులతో ఒక ఊరి పరిస్థితి మొత్తం చెప్పేశాడు.

పేరులోని "మ్యాడ్" అన్న మాటని ఆయన విడి అక్షరాలుగా రాస్తాడు. దానికి రెండు అర్థాలు తనే చెప్పాడు. ఒకటి, కోపంతో రెండుగా చీలిపోయిన నా కుర్రతనం. రెండోది, మత్తుమందు పాలైన నా దేవదూతలు. అదే పేరు గల పాటలో, తొమ్మిదేళ్ళప్పుడు హాంబర్గర్ల కొట్టు దగ్గర కళ్ళారా చూసిన హత్యని తలుచుకుంటాడు. చంపినవాడి పేరు చెప్పడు. చెప్పకూడదని ఆ వయసుకే నేర్చుకున్నాడు.

ఇక "స్విమ్మింగ్ పూల్స్". ఈ పాట పెద్ద హిట్టయింది, పార్టీల్లో గ్లాసులెత్తి దీనికి చిందులేశారు. నిజానికి ఇది తాగుడు మీద పాట. చిన్నప్పుడు తాత చేతిలో సీసా చూసి పెరిగినవాడు, చుట్టూ ఉన్నవాళ్ళు పొయ్యి పొయ్యి అంటుంటే ఈతకొలనంత మందులో మునిగిపోవడం. రెండో చరణంలో వాడి మనస్సాక్షే గొంతు మార్చుకుని వచ్చి హెచ్చరిస్తుంది. దాన్ని పార్టీ పాటగా విన్నారంటే మరి వినడం అంటే ఏమిటో మనం ఆలోచించుకోవాలి. ఆ పాట చివర్న కుర్రాళ్ళు పగ తీర్చుకోవడానికి వెళతారు. కాల్పులు జరుగుతాయి. వాళ్ళలో ఒకడు చనిపోతాడు.

దాని తరువాతి పాట ఈ ఆల్బానికి గుండెకాయ. పన్నెండు నిమిషాలు. మొదటి చరణం చనిపోయినవాడి తమ్ముడు మాట్లాడతాడు. ఈ ఆల్బం వచ్చేలోగా నేను పోతే నా గురించి కూడా పాడు అంటాడు. మాట మధ్యలోనే తుపాకీ మోగుతుంది, వాక్యం పూర్తికాదు. రెండో చరణం మరో అమ్మాయిది. కెండ్రిక్ 2011లో "సెక్షన్ 80" ఆల్బంలో కీషా అనే అమ్మాయి బతుకు గురించి పాడాడు. ఇక్కడ కీషా చెల్లెలు వచ్చి, మా అక్క కథ లోకానికి చెప్పడానికి నీకేం హక్కుందని నిలదీస్తుంది. నేను మాయమైపోను అని పట్టుదలగా అంటూంటేనే ఆమె గొంతు సన్నబడి మాయమైపోతుంది. మూడో చరణంలో గాయకుడు తనే జవాబు చెప్పుకోవాలి. నేను వీళ్ళ కథలు ఎందుకు చెబుతున్నాను? తన మీద వచ్చిన ఆక్షేపణకి తన పాటలోనే చోటిచ్చాడు చూడండి, అది నాకు చాలా నచ్చింది.

పాట రెండో సగంలో ఆ కుర్రాళ్ళు మళ్ళీ పగకి సిద్ధమవుతుంటే ఇరుగుపొరుగులోని ఒక పెద్దావిడ ఎదురవుతుంది. చేతిలో అది తుపాకీ కాదు కదా అని అడుగుతుంది. మీరు దాహంతో చచ్చిపోతున్నారు, మీకు కావలసింది పవిత్రజలం అని కూర్చోబెట్టి ప్రార్థన చెప్పిస్తుంది. ఆల్బం మొట్టమొదట ఎవరో కుర్రాళ్ళు కలిసి ప్రార్థన చేస్తున్న గొంతులు వినిపిస్తాయి. అవి ఎవరివో, ఎందుకో అప్పుడు అర్థం కాదు. ఇక్కడికొచ్చాక తెలుస్తుంది. ముంచేసే కొలను ఒకటి, దాహం తీర్చే నీరు ఒకటి. పాట పక్కన పాట పెట్టి ఈ తేడా చూపించాడు.

ఇన్ని గొంతుల మధ్య ఒక గొంతు మాత్రం మొదటినుంచీ మారదు, అది ఫోన్‌లో అమ్మది. ఆ మెసేజ్‌లలో వినిపించేది ఆయన కన్న తల్లిదండ్రుల గొంతులే. "రియల్" అనే పాట చివర్న నాన్న మాట్లాడతాడు. మనిషిని చంపడం ఎవడైనా చేస్తాడు, అది మగతనం కాదు, బాధ్యత తీసుకోవడం, ఇంటిని చూసుకోవడం, దేవుడు, ఇవి నిజమైనవి అంటాడు. తరువాత అమ్మ. ఈసారి వ్యాను సంగతి పక్కకి పోయింది. నువ్వు మనిషివై తిరిగి రా, నీ కథ కాంప్టన్‌లో పిల్లలకి చెప్పు, నేనూ మీలాంటివాణ్ణే, ఆ చీకట్లోంచి లేచాను అని చెప్పు, ఊరికి నువ్వు తిరిగి ఇవ్వగలిగేది అదే అంటుంది.

నాకు అర్థమైనంతవరకూ ఈ ఆల్బం ఒకే ప్రశ్న అడుగుతోంది. మగవాడంటే ఎవడో ఆ కుర్రాడికి ఎవరు చెప్పాలి? వెనక సీట్లో స్నేహితులు ఒకటి చెప్పారు. గ్యాంగు ఒకటి చెప్పింది, పోలీసు ఒకటి చెప్పాడు, సీసా ఒకటి చెప్పింది. వాళ్ళంతా పక్కనే ఉండి చెప్పారు. అమ్మానాన్నల మాట మాత్రం దూరంనుంచి, ఫోన్‌లో, అదీ వాడు ఎత్తని ఫోన్‌లో వచ్చింది. అయినా చివరికి నిలబడింది అదే. ఆ మెసేజ్ వాడు అప్పుడు వినకపోవచ్చు, కానీ చెరిపేయలేదు. ఆమె చెప్పిన పనే ఈ ఆల్బం.

మన పిల్లలది కాంప్టన్ కాదు. మంచి స్కూళ్ళున్న పేటలు చూసుకుని ఇళ్ళు కొనుక్కున్నాం. మన పిల్లవాణ్ణి ఏ పేటరా నీది అని ఆపి కొట్టేవాళ్ళు లేరు. కాబట్టి ఇది మన కథే అని చెప్పుకోవడం సరికాదు. కానీ "అవి వాళ్ళ పాటలు, మనకెందుకు" అన్నప్పుడు మన నోటివెంట ఆ "వాళ్ళ" అన్న మాట ఏ స్వరంలో వస్తోందో ఒకసారి మనమే వినాలి. ఆసియా వాళ్ళకి ఈ దేశపు తలుపులు బాగా తెరిచిన వలస చట్టం 1965లో వచ్చింది. నల్లజాతివారు వీధుల్లోకి వచ్చి సాధించుకున్న పౌరహక్కుల చట్టం 1964లో, ఓటు హక్కు చట్టం 1965లో వచ్చాయి. ఆ రోజుల్లో వీచిన ఆ గాలిలోనే మన తలుపూ తెరుచుకుంది. పిల్లలకి ఆ సంగతి స్కూల్లో చెబుతారు. మన ఇంట్లోనూ వినబడాలి.

వినాలనుకునేవాళ్ళకి ఒకటి రెండు సూచనలు. ఈ ఆల్బం మీద తల్లిదండ్రులకి హెచ్చరిక ముద్ర ఉంది, బూతులు నిజంగానే ఎక్కువ, చిన్నపిల్లలకి తగదు. బూతులు తీసేసిన ప్రతి కూడా దొరుకుతుంది. హైస్కూల్ పిల్లలుంటే వాళ్ళనే అడిగి, వాళ్ళ పక్కనే కూర్చుని వినండి. గంట పైచిలుకు పడుతుంది. వరస మార్చకండి. మధ్యలో ఆపి, ఇప్పుడు మాట్లాడేది ఎవరు అని అడగండి. ఆ గంటలో మీకన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు. మనకి చెప్పే అవకాశం దొరికితే సంతోషంగా చెబుతారు.

చివరి పాట అయిపోయాక టేపు వెనక్కి తిరుగుతున్న చప్పుడు వస్తుంది. తరువాత కుర్రాడి గొంతు. అమ్మా, వ్యాను తీసుకెళుతున్నాను, పదిహేను నిమిషాల్లో వచ్చేస్తాను అంటాడు. వాడికి ఆ రోజు ఇంకా మొదలే కాలేదు. ఏం జరగబోతోందో మనకి మాత్రం తెలుసు.