బాయి దిగిన మనిషి భద్రంగా పైకి రావాలంటే...

ఉప్పల్‌లో ఓ ప్రత్యేకమైన బడి ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ. నేలను కొలవడం, పటం గీయడం అక్కడి చదువు. అక్కణ్నుంచి హబ్సిగూడ వైపు వెళితే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ- ఎన్‌జీఆర్‌ఐ. తవ్వకుండానే భూమి లోపల ఏముందో ఆరాతీసే శాస్త్రవేత్తలు ఉండేది అక్కడే. ఆ చుట్టుపక్కలే నాచారం పారిశ్రామికవాడ. పొద్దున్నే టిఫిన్ బాక్సుతో బయల్దేరి యంత్రాల మధ్య రోజు గడిపే కార్మికులు అక్కడ కనిపిస్తారు.

పటం, భూగర్భం, కార్మికుడు... ఈ మూడూ ఒకదానిమీద ఒకటి ఆధారపడే చోటు మరొకటుంది. ఇక్కణ్నుంచి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, గోదావరిఖనిలో. సింగరేణి ప్రాంతంలో బొగ్గుగనిని ‘బాయి’ అంటారు. ఆ బాయిలో పటం తప్పయితే దిగిన మనిషి తిరిగి రాకపోవచ్చు.

బాయిలో ఎలా పనిచేయాలో, ఎక్కడ ఆగాలో చెప్పే చట్టం 2025 నవంబరు 21న మారింది. 13 పాత చట్టాల స్థానంలో ‘వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020’ అమల్లోకి వచ్చింది. ఆ పదమూడింటిలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 1952 నాటి గనుల చట్టం కూడా ఉన్నాయి. అంటే, నాచారంలోని ఫ్యాక్టరీకీ గోదావరిఖనిలోని బాయికీ ఇప్పుడు మూలచట్టం ఒక్కటే!

అరవై మీటర్ల గీత

బొగ్గు తీసేసి వదిలేసిన పాత గనుల్లోకి ఏళ్ల తరబడి నీళ్లు ఊరతాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. పక్కన కొత్తగా తవ్వుతున్నవారు ఆ నీళ్లకు దగ్గరగా వెళ్లారా... మధ్యలో ఉన్న గోడ పగిలి సొరంగాలు మునిగిపోతాయి. అందుకే పాత పనులకు 60 మీటర్ల దూరంలోకి వస్తే అనుమతి లేకుండా ముందుకు తవ్వకూడదన్నది నిబంధన. అనుమతి వచ్చినా ముందుగా సన్నని బోర్లు వేసి చూసుకుంటూ వెళ్లాలి.

నిబంధన బాగానే ఉంది. కానీ పాత గని ఎక్కడిదాకా ఉందో తెలిస్తేనే కదా 60 మీటర్లు లెక్కపెట్టేది! అది చెప్పాల్సింది పటమే.

నీళ్లు ఎంత పని చేస్తాయో చాస్‌నాలా చెబుతుంది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి ఆ గనిని నీళ్లు ముంచెత్తి 375 మంది చనిపోయారు. 2001లో బాగ్‌డిగిలో 29 మంది జలసమాధి అయ్యారు. 2003 జూన్‌లో ఆ కష్టం మన గడపకే వచ్చింది. గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు పోటెత్తి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో పైకప్పు కూలి మరో పదిమంది పోయారు.

ముందు ప్రమాదం... వెనక చట్టం

గనుల చట్టాల చరిత్ర చూస్తే ఓ చేదు నిజం కనిపిస్తుంది. ముందు మనుషులు పోతారు, ఆ తర్వాతే చట్టం వస్తుంది. 1897లో కోలార్ బంగారు గనిలో 52 మంది, 1899లో బెలూచిస్థాన్‌లోని ఖోస్త్ బొగ్గుగనిలో 47 మంది బలయ్యాక, 1901లో దేశంలో తొలి గనుల చట్టం వచ్చింది. యెల్లందులో అప్పటికే పుష్కరకాలంగా బొగ్గు తీస్తున్నారు.

బొగ్గుగనుల్లో రోజువారీ భద్రతను నడిపించే నిబంధనలు 1957లో తయారయ్యాయి. వాటి స్థానంలో కొత్తవి వచ్చింది 2017లో. సరిగ్గా షష్టిపూర్తి! ఆ అరవై ఏళ్లలో తట్టా చెమ్మస్ పోయి యంత్రాలొచ్చాయి. చట్టం మాత్రం తాపీగా నడిచింది. 2017 నిబంధనలు తెచ్చిన పెద్ద మార్పు ‘భద్రతా నిర్వహణ ప్రణాళిక’. ఏ గనిలో ఏ ముప్పు పొంచి ఉందో యాజమాన్యమే ముందుగా గుర్తించి, ఎలా అడ్డుకుంటుందో రాసిపెట్టాలి. అయినా 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. వారిలో భద్రతాధికారి కూడా ఉన్నారు.

సింగరేణిలో రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం వాటా. కానీ గనుల్లో భద్రత రాజ్యాంగం ప్రకారం కేంద్ర జాబితాలోని అంశం. దాన్ని పర్యవేక్షించే డీజీఎంఎస్ ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉంది. నాచారం ఫ్యాక్టరీలను మాత్రం రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ చూస్తుంది. చట్టం ఒక్కటైనా తనిఖీకి వచ్చేవారు వేరన్నమాట.

ఐదు వేలు... ఐదు లక్షలు

కొత్త కోడ్‌తో ఏం మారింది? నిబంధన ఉల్లంఘన వల్ల కార్మికుడు చనిపోతే పాత గనుల చట్టంలో శిక్ష రెండేళ్లదాకా జైలు, లేదా 5 వేల రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. మనిషి ప్రాణానికి ఐదు వేలు! ఇప్పుడు జైలు రెండేళ్లదాకానే ఉన్నా, జరిమానా కనీసం 5 లక్షలు. అందులో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది.

ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాల్సిందే. ప్రాణాపాయం ముంచుకొస్తోందని అనిపిస్తే ఆ విషయం యాజమాన్యానికి చెప్పే హక్కు కార్మికుడికి ఉంది. యాజమాన్యం వెంటనే చర్య తీసుకుని ఇన్‌స్పెక్టర్‌కు నివేదించాలి. వందమంది పనిచేసే గనిలో సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి. ఫ్యాక్టరీకైతే ఆ లెక్క 500. ప్రమాదకర ప్రక్రియలుంటే 250. ఇలా చూస్తే పదిమంది, ఇరవైమందితో నడిచే చిన్న యూనిట్ల కార్మికుడికి ఈ రక్షణ అందదు. బదలాయింపు కాలంలో పాత నిబంధనలు కొనసాగుతాయని కేంద్రం ప్రకటించింది.

ముందే మేలుకుంటే...

2002 జులైలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో క్వెక్రీక్ గనిలో తొమ్మిదిమంది చిక్కుకుపోయారు. పక్కనున్న పాత గని నీళ్లు దూసుకొచ్చాయి. కారణం... వారి దగ్గరున్నది ఆ పాత గని చివరి పటం కాదు! పైనుంచి బోరు తవ్వి, ఇనుప బోనులాంటిది దింపి, మూడు రోజుల తర్వాత అందరినీ ప్రాణాలతో పైకి తీశారు. ఆ రాష్ట్రం 1961 నాటి తన చట్టాన్ని 2008లో తిరగరాసింది. నిబంధనలను ఎప్పటికప్పుడు సవరించేందుకు కార్మికుల, యాజమాన్యాల ప్రతినిధులతో ఓ బోర్డును పెట్టింది. ప్రతి చిన్న మార్పుకీ చట్టసభ దాకా వెళ్లనక్కర్లేదు.

మనకూ అలాంటి చురుకే కావాలి. జరిమానా పెరగడం మంచిదే. కానీ జరిమానా పడేది ప్రాణం పోయాక! ప్రాణం నిలబెట్టేది సరైన పటం, ముందుగా వేసిన బోరు, ‘ఇక్కడ ముప్పుంది’ అని కార్మికుడు చెప్పినప్పుడు వినే అధికారి.

పటం గీయడం నేర్పే బడి మన ఉప్పల్‌లోనే ఉంది. నేల గుట్టు విప్పే శాస్త్రమూ మన పక్కనే ఉంది. ఇక ఆ జ్ఞానం బాయి అడుగుదాకా చేరాలి. షిఫ్టుకు వెళ్లిన మనిషి కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్లు అడిగేది అంతే.