సాలీడు విషం... ఈస్ట్ ట్యాంకు... మీ ఉద్యోగం!

సాలీడు విషంతో పురుగుమందు అనగానే మీకేం గుర్తొస్తుంది? గాజు పెట్టెల్లో వేలాది సాలీళ్లు, గ్లవ్స్ వేసుకుని విషం పిండుతున్న సైంటిస్టులు... అంతేనా? నిజానికి ఆ మందు తయారయ్యే చోట సాలీళ్లతో పనే లేదు. అక్కడ ఉండేవి స్టీలు ట్యాంకులు, వాటి నిండా ఈస్ట్. ఈ సంగతి అర్థమైతే, ఈ రంగంలో మీ డిగ్రీకి చోటెక్కడుందో కూడా తెలిసిపోతుంది.

అసలు కథేంటి?

ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమరగా బ్లూ మౌంటెన్స్ కొండలున్నాయి. అక్కడి ఫన్నెల్ వెబ్ సాలీడు విషంలో పెప్టైడ్లు, అంటే బుల్లి ప్రొటీన్లు ఉంటాయి. సాలీడు పురుగుల్ని పట్టి బతుకుతుంది కాబట్టి, వీటిలో కొన్ని పురుగుల నరాలపైనే గట్టిగా పనిచేస్తాయి. ప్రొఫెసర్ గ్లెన్ కింగ్ బృందం అలాంటివాటిని వెతికి పట్టుకుంది. ఆ పరిశోధన పునాదిగా అమెరికా సంస్థ వెస్టారాన్ ‘స్పియర్’ పేరుతో మందు తెచ్చింది. దానిలోని పెప్టైడ్‌కు 2014లో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ రిజిస్ట్రేషన్ ఇచ్చింది. 2020లో గ్రీన్ కెమిస్ట్రీ చాలెంజ్ అవార్డు దక్కింది. కింగ్‌కు 2023లో ఆస్ట్రేలియా ప్రధానమంత్రి ఇన్నోవేషన్ బహుమతి వచ్చింది.

ఎలా పనిచేస్తుంది?

పెప్టైడ్ తయారీకి కావాల్సిన జన్యువును ఈస్ట్‌లో పెడతారు. ఈస్ట్ పెరుగుతూ పెప్టైడ్‌ను తయారుచేస్తుంది. దాన్ని వడకట్టి, మందుగా మారుస్తారు. అయితే సాలీడు కాటేసి విషం ఎక్కిస్తుంది, పురుగేమో ఆకు తింటుంది. పొట్టలోకి వెళ్లిన పెప్టైడ్ నరాలదాకా చేరాలి కదా! అందుకే గొంగళిపురుగులపై దీన్ని బీటీ మందుతో కలిపి కొడతారు. బీటీ పేగు గోడకు చిల్లులు పెడితే, పెప్టైడ్ లోపలికి దారి చేసుకుంటుంది.

ఇంత కష్టం ఎందుకంటారా? ఒకే రకం మందు ఏళ్ల తరబడి కొడితే పురుగు తట్టుకోవడం నేర్చుకుంటుంది. బీటీ పత్తిని గులాబీరంగు పురుగు ఎలా తట్టుకుందో మన పత్తి రైతులకు బాగా తెలుసు. అందుకే కొత్త పద్ధతిలో పనిచేసే మందులు కావాలి. పైగా పెప్టైడ్ చివరికి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది.

మీ చోటు ఎక్కడ?

కంప్యూటర్ సైన్స్, బయోఇన్ఫర్మాటిక్స్ వాళ్లకు విషాల జన్యు సమాచారంలోంచి పనికొచ్చే పెప్టైడ్లను జల్లెడ పట్టే పని ఉంటుంది. బయోటెక్ వాళ్లది జన్యువును ఈస్ట్‌లో పెట్టి పెంచే పని. ఫ్లాస్కులో వచ్చిన ఫలితాన్ని వేల లీటర్ల ట్యాంకులో రప్పించడం కెమికల్ ఇంజినీర్ల వంతు. ఎండకు పాడవకుండా, నీళ్లలో సరిగ్గా కలిసేలా మందును రూపొందించేది కెమిస్ట్రీ, ఫార్మసీ వాళ్లు. పొలంలో పరీక్షించేది అగ్రికల్చర్ గ్రాడ్యుయేట్లు. సహజమైనదే కదా అని నేరుగా అమ్మేయడం కుదరదు. మన దేశంలో 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. భద్రతా పరీక్షల వివరాలతో ఆ ఫైలు సిద్ధం చేయడమే ఒక కెరీర్!

ఓ మాట సూటిగా చెప్పాలి. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లా క్యాంపస్‌కొచ్చి వందలమందిని తీసుకెళ్లరు. ‘విషం’ అని వెతికితే ఉద్యోగ ప్రకటనలు దొరకవు. ‘బయోలాజికల్స్’, ‘ఫర్మెంటేషన్’, ‘ఫార్ములేషన్’, ‘రెగ్యులేటరీ అఫైర్స్’ అని వెతకండి. ఫర్మెంటేషన్ నేర్చుకుంటే ఆ నైపుణ్యం వ్యాక్సిన్లు, ఎంజైముల కంపెనీల్లోనూ పనికొస్తుంది. కాబట్టి ఒకే తలుపు మీద ఆధారపడినట్టు కాదు.

ఇప్పుడేం చేయాలి?

బయోటెక్ పీజీ కోసం గ్యాట్-బి రాయొచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ జీవ పురుగుమందులపై శిక్షణ ఇస్తుంది. దాని వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. యూనిప్రాట్, ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లు ఉచితం. ఒక సాలీడు పెప్టైడ్‌ను ఎంచుకుని, దాని నిర్మాణం మీద చిన్న ప్రాజెక్టు చేయండి. ఫైనలియర్‌లో ఎక్కడో కొన్న ప్రాజెక్టు కన్నా ఇంటర్వ్యూలో మీతో ఎక్కువ మాట్లాడించేది ఇదే.