మంచిర్యాలలో ఇందిరమ్మ ఇళ్లు: నిధులు, పర్యవేక్షణ

రాజ్యాంగం 11వ షెడ్యూలులో గ్రామీణ గృహనిర్మాణం ఉంది. పట్టణ సంస్థల 12వ షెడ్యూలులో మురికివాడల అభివృద్ధి ఉన్నదిగాని గృహనిర్మాణమన్న మాట లేదు. నస్పూర్‌ను కలుపుకొని 2025 జనవరిలో నగరపాలక సంస్థ అయిన మంచిర్యాలలో ఈ భేదం ఆచరణలో దాదాపు చెరిగిపోయింది. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో రూ.5 లక్షలు దశలవారీగా నేరుగా లబ్ధిదారు ఖాతాకే చేరుతాయి. గుత్తేదారుపై ఆధారపడనక్కరలేకపోవడం మేలే. అయితే స్థానిక సంస్థకు మిగిలింది సిఫారసు, పరిశీలన. ఇందిరమ్మ కమిటీలకు గ్రామంలో సర్పంచు, పట్టణంలో వార్డు ప్రతినిధి అధ్యక్షత వహించాలి. కాని పంచాయతీల గడువు 2024 జనవరి చివర, పురపాలికల గడువు 2025 జనవరిలో ముగిసింది. తొలి విడత మంజూరుల వేళ ఆ స్థానంలో ఉన్నది అధికారులే. జాబితాలో పేరు లేనివారికి అప్పట్లో ఓటుతో నిలదీయగల ప్రతినిధి లేకపోయాడు.