నాన్న లెక్కలో మిగిలిన 77

మా నాన్న తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. ఏ అంకె కనబడినా దాన్ని ఇంకో అంకెతో గుణించి చూడటం ఆయనకి అలవాటు. పోయిన సెమిస్టర్‌లో ఒకరోజు పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేశారు. "ఒరేయ్, గంటకి పదకొండంట. ఏడు గంటలు పడుకున్నా. అంటే డెబ్బై ఏడు సార్లు ఊపిరి ఆగింది. అంత డబ్బు పోసి కొన్న మిషన్ పెట్టుకుని కూడా డెబ్బై ఏడు! ఇంకెందుకురా ఇది?"

ఆ రాత్రి మాస్కు తీసి పక్కన పెట్టేశారని తర్వాత అమ్మ చెప్పింది.

నాకు నిజంగా భయమేసింది. నాన్న రోజూ రానూపోనూ నలభై కిలోమీటర్లు బండి మీద తిరుగుతారు. మిషన్ రాకముందు ఒకసారి రైల్వే గేటు దగ్గర ఆగి, హ్యాండిల్ పట్టుకునే నిద్రపోయారు. గేటు తీశాక వెనకాల లారీవాడు హారన్ కొడితే గానీ మెలకువ రాలేదు. గేటు వేసి ఉంది కాబట్టి సరిపోయింది. రోడ్డు మీద అయితే?

జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. ఊపిరి కనీసం పది సెకన్లు ఆగితే ఒక ఆప్నియా. పూర్తిగా ఆగకుండా బాగా తగ్గితే హైపోప్నియా. రెండూ కలిపి గంటకి సగటున ఎన్ని వచ్చాయో చెప్పే అంకె ఏహెచ్ఐ. అయిదు లోపు ఉంటే పెద్దవాళ్ళలో మామూలు కిందే లెక్క, ముప్పై దాటితే తీవ్రం. స్లీప్ టెస్టులో నాన్నకి వచ్చింది 46. దీనికి వాడే సీపాప్ మిషన్ చేసేది ఒకటే పని: మాస్కు గుండా గాలిని కొంచెం ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా నిలబెట్టడం. కొలిన్ సల్లివన్ అనే ఆస్ట్రేలియా డాక్టరు, ఆయన జట్టు 1981లో దీన్ని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు.

మరి గొంతు తెరిచి ఉంటే ఇంకా పదకొండు ఎక్కడివి?

పండక్కి ఇంటికెళ్ళినప్పుడు మిషన్‌లోని ఎస్‌డీ కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టా. ఆస్కార్ అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, రాత్రంతా ప్రతి ఊపిరినీ గ్రాఫ్‌గా చూపిస్తుంది. నాన్న నిద్ర వేవ్‌ఫామ్ చూస్తూ కూర్చోవడం ఒక వింత అనుభవం. పదకొండు అనేది ఒకే రకం సరుకు కాదని అప్పుడు అర్థమైంది.

మొదటిది, లీకు. తెల్లవారుజామున మాస్కు జారి గాలి బయటికి పోతున్న చోట్ల గీత పైకి లేచింది. అంత లీకులో గొంతుకి చేరాల్సిన ఒత్తిడి చేరకపోవచ్చు, మిషన్ కొలత కూడా నమ్మకంగా ఉండదు. రెండోది, మెలకువ. నాన్న మూడింటికి బాత్రూమ్‌కి లేచి, వచ్చి మళ్ళీ మాస్కు పెట్టుకుని అరగంట అటూ ఇటూ దొర్లుతారు. పక్కకి తిరిగేటప్పుడు మనందరం ఒక్క క్షణం ఊపిరి బిగబడతాం. ఈ మిషన్‌కి తెలిసేది గాలి ప్రవాహం మాత్రమే. ల్యాబులోలాగా తలకి వైర్లు లేవు కాబట్టి మనిషి నిద్రపోయాడో, కప్పు చూస్తూ అప్పుల గురించి ఆలోచిస్తున్నాడో దానికి తెలీదు. ఆ బిగింపులు కూడా లెక్కలో పడొచ్చు. ల్యాబు 46నీ మిషన్ 11నీ ఒకే తక్కెడలో తూచకూడదని అందుకే అంటున్నా.

మూడోదే అసలు సంగతి. ఎక్కువ గుర్తుల మీద 'క్లియర్ ఎయిర్‌వే' అని ఉంది. అంటే దారి తెరిచే ఉంది, ఊపిరి మాత్రం లేదు! కొన్ని మిషన్లు ఊపిరి ఆగినప్పుడు చిన్న చిన్న ఒత్తిడి తరంగాలు పంపి, అవి ఎలా తిరిగొస్తున్నాయో చూసి, గొంతు మూసుకుందో లేదో అంచనా వేస్తాయి. దారి తెరిచి ఉండీ ఊపిరి లేదంటే, చాలావరకు మెదడే ఆర్డర్ పంపలేదన్నమాట. దీన్ని సెంట్రల్ ఆప్నియా అంటారు.

ఇక్కడే మన కంట్రోల్ సిస్టమ్స్ పేపరు పనికొచ్చింది (మిడ్స్‌లో నా మార్కులు అడక్కండి). హాస్టల్ గీజర్ గుర్తు చేసుకోండి. చల్లగా ఉందని వేడి కుళాయి తిప్పుతాం. పైపులోంచి వేడి రావడానికి టైం పడుతుంది, ఈలోగా ఇంకొంచెం తిప్పుతాం. ఒక్కసారి ఒళ్ళు కాలుతుంది, గభాలున వెనక్కి తిప్పుతాం, మళ్ళీ చలి. తప్పు గీజర్‌ది కాదు, ఆలస్యానిదీ మన తొందరదీ. నిద్రలో ఊపిరిని నడిపేది ముఖ్యంగా రక్తంలోని కార్బన్ డయాక్సైడ్. అది ఒక హద్దు కన్నా తగ్గితే మెదడు "ఇప్పుడు అక్కర్లేదు" అని ఊరుకుంటుంది. పెరిగాక మళ్ళీ మొదలెడుతుంది. ఊపిరితిత్తుల నుంచి ఆ కబురు రక్తంలో మెదడు దాకా వెళ్ళడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కంట్రోలర్ అతిగా స్పందించే రకమైతే ఊపిరి పెద్దగా తీసుకుంటాడు, వాయువు హద్దు దాటి పడిపోతుంది, మళ్ళీ ఆగుతుంది. లూప్ గెయిన్ ఎక్కువైతే ఆసిలేషన్, అంతే. కొత్తగా సీపాప్ మొదలెట్టినవాళ్ళలో కొందరికి ఇలా వస్తుంది. గొంతు తెరుచుకోవడంతో ఆ వాయువు మునుపటి కన్నా సులువుగా బయటికి పోతుంది, మాస్కు అలవాటు లేక మధ్యమధ్య మెలకువా వస్తుంది. చాలామందిలో వాడుతూ ఉంటే వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. గొంతు మూసుకునే ఆప్నియాకి ఒత్తిడి పెంచితే మేలు, ఈ రకానికి పెంచితే ఒక్కోసారి ఎక్కువవుతుంది. అందుకే గ్రాఫ్ చూశాక సెట్టింగుల మెనూ మీద వేలు పెట్టబోయి ఆగిపోయా. ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే వాడికి ఇది చాలా కష్టమైన పని. పైగా ఇవి గుండె బలహీనత వల్లా, కొన్ని నొప్పి మందుల వల్లా కూడా రావచ్చు. సెంట్రల్ ఆప్నియాకి వాడే ఏఎస్‌వీ అనే మరో రకం మిషన్, గుండె పంపింగ్ బాగా తగ్గినవాళ్ళలో గుండె జబ్బు మరణాలు పెంచిందని 2015లో సెర్వ్-హెచ్ఎఫ్ అధ్యయనంలో తేలింది. స్క్రీన్ మీద ఒక అంకె తగ్గించడం, మనిషికి మేలు చేయడం ఒకటి కావు.

కార్డు డాక్టరు గారికి చూపించాం. ముందు గుండెకి ఎకో తీయించారు, బాగానే ఉంది. మాస్కు సైజు మార్చారు, ఒత్తిడి పైహద్దు కొంచెం దించారు, రెండు నెలలు ఆగమన్నారు. ఆగడమే పెద్ద యుద్ధం. "నాన్నా, 46 పక్కన 11 పెట్టి చూడండి, తగ్గింది ఎంతో" అని నేనూ ఆయన భాషలోనే చెప్పా. ఆయన కాసేపు ఆలోచించి, "35 గుణించు ఏడు, రెండొందల నలభై అయిదు," అన్నారు. ఆ రాత్రి మాస్కు పెట్టుకున్నారు.

మొన్న పొద్దున మళ్ళీ ఫోన్. గంటకి 3.8 వచ్చిందట. సంతోషిస్తారనుకున్నా.

"ఏడు గంటలకి ఇరవై ఆరు పాయింట్ ఆరు. ఆ పాయింట్ ఆరు ఎలా ఆగుద్దిరా?"