గుడిమల్లం: ఒక గుడి, మూడు కట్టడాలు

పూతలపట్టు మీదుగా తిరుపతికి పోయే యాత్రికుడు దారిలో ఎన్నో గుడులకు చేతులెత్తి నమస్కరిస్తాడు. “ఈ గుడి ఏనాటిది?” అని ఏ ఊరిలో విచారించినా ఒక రాజు పేరో, ఒక శతాబ్దమో జవాబుగా వస్తుంది. పొరుగునే ఉన్న కాణిపాకాన్ని తీసుకోండి. 11వ శతాబ్దంలో కులోత్తుంగ చోళుడు కట్టించాడని చెప్పుకుంటాము. విజయనగర ప్రభువులు పెంచారనీ చెప్పుకుంటాము. 2022లో జీర్ణోద్ధరణ జరిగి మహాకుంభాభిషేకం అయినది మనం ఎరిగినదే. ఇక ఆ గుడి వయస్సు ఎంత అని చెప్పవలెను? వాడుకలో ఉన్న ఏ గుడికైనా ఈ చిక్కు తప్పదు. ఆ చిక్కును విప్పి చూపే కట్టడం మన సీమలోనే ఒకటి ఉన్నది. అది గుడిమల్లం పరశురామేశ్వరాలయం.

తిరుపతి నుండి రేణిగుంట దాటి, గాజుపూసలకు పేరుపొందిన పాపానాయుడుపేట మీదుగా పోతే స్వర్ణముఖీ తీరాన ఈ చిన్న పల్లె వస్తుంది. ఏర్పేడు మండలంలోని ఊరు. చిత్తూరు జిల్లాలో ఉండేది, 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. ఆకాశాన్నంటే రాజగోపురం కోసం వెదికేవారికి ఇక్కడ నిరాశ కలుగుతుంది. గుడి చిన్నది, అలంకారం తక్కువ. దాని ఘనత అంతా లోపలి దైవంలోనూ, ఆ దైవం చుట్టూ ఒకదాని తరువాత ఒకటిగా లేచిన గోడలలోనూ ఉన్నది.

ముందు దైవం సంగతి. సుమారు 5 అడుగుల ఎత్తుగల ముదురు గోధుమవన్నె కఠినశిలా లింగం అది. దాని ముందు భాగాన శివుడు నిలువెత్తున నిలిచి ఉన్నాడు. చేతులు రెండే. కుడిచేత పొట్టేలును వెనుక కాళ్లు పట్టి వ్రేలాడదీశాడు. ఎడమచేత చిన్న పాత్ర. ఎడమ భుజాన గండ్రగొడ్డలి. యజ్ఞోపవీతం లేదు. పాదాల క్రింద ఒక మరుగుజ్జు యక్షుడు భుజాలు వంచి స్వామి బరువు మోస్తున్నాడు. 1911లో టి. ఏ. గోపీనాథరావుగారు ఈ లింగాన్ని పరిశీలించి, భార్హుత్, సాంచీ శిల్పాలతో పోల్చి, ఇది క్రీస్తు పూర్వం 2వ శతాబ్దానిదని నిర్ణయించారు. తరువాతి పండితులు కొందరు దానిని క్రీస్తు పూర్వం 1వ శతాబ్దానికి, మరికొందరు ఇంకా ఇవతలికి జరిపారు. ఏ లెక్క పట్టినా, ఇంతటి పురాతన శివమూర్తులు దేశంలో అరుదు.

అయితే ఆనాడు ఆ మూర్తికి గుడి ఉండేదా? ఈ ప్రశ్నకు జవాబు గోడలలో దొరకలేదు, నేలలో దొరికింది. 1954 నుండి ఈ ఆలయం కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నది. 1973లో ఆ శాఖకు చెందిన ఐ. కె. శర్మగారు గర్భగృహంలో త్రవ్వకం సాగించారు. లింగం చుట్టూ చదరంగా నిలిపిన రాతి కంచె బయటపడింది. అమరావతి స్తూపం చుట్టూ ఉండిన రాతి వేదిక వంటిదే, కాని చాలా చిన్నది. అంటే మొదట స్వామి ఆరుబయట ఉన్నాడు. పైన ఆకాశం, చుట్టూ కంచె. మథురలో దొరికిన ఒక ప్రాచీన శిల్పంలో చెట్టు నీడన, కంచె నడుమ నిలిచిన లింగాన్ని పూజిస్తున్న దృశ్యం ఉన్నది. గుడిమల్లంలో తొలినాటి పూజ ఎట్లా సాగేదో అది చూసి ఊహించుకోవచ్చును. మన పల్లెల్లో వేపచెట్టు క్రింద గ్రామదేవతకు ఈనాటికీ జరిగే పూజ ఇందుకు ఎంతో దూరమైనది కాదు.

ఆ తరువాతి దశ ఇటుకలది. త్రవ్వకంలో 42 సెంటీమీటర్ల పొడవు, 21 వెడల్పు, 6 మందం గల పెద్ద ఇటుకలు దొరికాయి. శాతవాహనుల కాలపు కట్టడాలలో కనిపించే ఇటుకలివి. ఇప్పటి ఇటుక వీటి ప్రక్కన పసిబిడ్డ. ఈ ఇటుకలతో స్వామికి మొదటి గర్భగృహం లేచింది. దాని ఆకారం గమనించదగినది. ముందు భాగం తిన్నని గోడలు. వెనుక భాగం అర్ధచంద్రంగా వంపు తిరిగిన గోడ. ఏనుగును వెనుకనుండి చూస్తే పిరుదులు ఎట్లా గుండ్రంగా కనిపిస్తాయో అట్లా ఉంటుంది గనుక శిల్పులు దీనికి గజపృష్ఠమని పేరు పెట్టారు.

ఈ ఆకారం శైవుల సొత్తు కాదు, బౌద్ధుల సొత్తూ కాదు. నాగార్జునకొండ చైత్యగృహాలలో ఇదే వంపు. పల్నాటి చేజెర్ల కపోతేశ్వరాలయంలోనూ ఇదే వంపు. చేజెర్ల చూసి, అది బౌద్ధచైత్యమే శివాలయంగా మారిందని చాలామంది వ్రాశారు. ఆ మాటనే గుడిమల్లానికీ అంటగట్టబోతే మాత్రం ఇక్కడి త్రవ్వకం ఒప్పుకోదు: ఈ వంపుగోడ లేవకముందే నడుమ లింగం ఉన్నది. వెదురు వంచి, గడ్డి కప్పి వేసుకున్న పాత పర్ణశాలల రూపాన్ని ఇటుకలోకి దింపిన పనివారు ఏ మతంవారు పిలిస్తే ఆ మతంవారికి కట్టి ఉంటారని నాకు తోస్తుంది.

తరువాత కొన్ని వందల ఏండ్లు చీకటి. 8వ, 9వ శతాబ్దాలకు వచ్చేసరికి శాసనాలు మాట్లాడటం మొదలుపెట్టాయి. అప్పుడు ఈ సీమను పల్లవులకు లోబడి బాణరాజులు ఏలుతున్నారు. బలిచక్రవర్తి వంశంవారమని వారు చెప్పుకున్నారు. ‘మహావలి వాణరాయ’ అన్నది వారి బిరుదు. పల్లవ దంతివర్మ, నృపతుంగవర్మల పాలన సంవత్సరాలను లెక్కగా వాడుతూ వారి కాలపు శాసనాలు ఇక్కడ ఉన్నాయి. ఈ ఊరి పేరు శాసనాలలో తిరువిప్పిరంబేడు. నిత్యపూజకు ఇచ్చిన భూములు, ధనం, ఆవులు మొదలైన దానాల లెక్కలు వాటిలో కనిపిస్తాయి. గుడి మొదట ఎవరు కట్టించారో మాత్రం అవి చెప్పవు.

ఈ బాణుల శాసనాలలో కొన్ని ఎక్కడ ఉన్నాయో చూడండి: గర్భగృహం చుట్టూ నేలలో పరచిన బండల మీద! ఏ దాత అయినా తన దానశాసనాన్ని నలుగురి కాళ్ల క్రింద చెక్కించుకుంటాడా? వేరొక చోట నిలిచిన రాళ్లను తరువాతివారు పెరికి తెచ్చి పరుపుబండలుగా వేశారన్నది స్పష్టం. పాత గుడి పోయి కొత్త గుడి వచ్చినదనటానికి ఈ బండలే సాక్ష్యం.

ఆ కొత్త గుడి సంగతి విక్రమచోళుని శాసనం చెబుతున్నది. ఆయన పాలనలో 9వ ఏట, అంటే 1126లో, ఆలయాన్ని పూర్తిగా రాతితో తిరిగి కట్టారు. నేడు మనం చూసే విమానం ప్రధానంగా ఆ పునర్నిర్మాణానిదే. అప్పటికి తంజావూరు పెద్దగుడి లేచి నూరేండ్లు దాటింది. చదరపు గర్భగృహమే అంతటా వాడుక. ఇటుకతో వంపు తిప్పటం సులువు. సున్నపు సందులో కొంచెం కొంచెంగా జరుపుకుంటూ పోవచ్చును. రాతితో అట్లా కుదరదు. వంపులో పడే ప్రతి రాయికీ వెలుపలి ముఖాన్ని విడిగా చెక్కవలెను. అధిష్ఠానం పట్టెల నుండి పైచూరు దాకా ప్రతి వరుసలోనూ ఆ వంపు తప్పకుండా నడిపించవలెను. చదరంగా కడితే ఖర్చూ శ్రమా తగ్గేవి. అయినా 1126 నాటి స్థపతులు గజపృష్ఠాన్నే నిలిపారు.

ఎందుకు? తొండమండలంలో ఈ రూపం మీద మక్కువ తగ్గలేదనటానికి తిరుత్తణి వీరట్టానేశ్వరాలయం ఉన్నది. అపరాజిత పల్లవుని కాలపు ఆ గుడీ గజపృష్ఠమే. 1960 వరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిదే. కాబట్టి ప్రాంతీయమైన అభిరుచి ఒక కారణం కావచ్చును. కాని క్రింద ఉన్న ఇటుక గర్భగృహపు వంపును చెరపటానికి వారికి మనసు రాలేదన్నదే నాకు ఎక్కువ సబబుగా కనిపిస్తుంది. స్వామిని కదల్చలేదు, స్వామి ఉన్న నేలనూ ఎత్తు చేయలేదు. అందుకే ఈనాటికీ గర్భగృహం మండపాలకంటె పల్లంలో ఉన్నది.

ఇంగ్లండులోని పల్లె చర్చీలూ ఇట్లాగే పెరిగినవి. నార్మనుల నాటి నడిశాల, 13వ శతాబ్దపు పూజామందిరం, 15వ శతాబ్దపు గంటగోపురం ఒకే కప్పుల వరుసలో ఉండటం అక్కడ సామాన్యం. 19వ శతాబ్దంలో వాటిని బాగుచేయబోయినవారు ఒక్క శతాబ్దాన్ని ఎంచుకుని, మిగతావి చెక్కివేశారు. అది సహించలేక విలియం మారిస్ ప్రభృతులు 1877లో ప్రాచీన కట్టడాల రక్షణకు ఒక సంఘం స్థాపించారు. మనకు 1904లోనూ, తిరిగి 1958లోనూ చట్టాలు వచ్చినవి. కాని పురావస్తు శాఖల సంరక్షణలోకి రాని ఊరి గుడులు వేలాదిగా ఉన్నాయి. జీర్ణోద్ధరణకు చందాలు పోగుకాగానే అక్కడ మొదట జరిగే పని గోడలకు రంగు పూయటం, అరిగిన బండ తీసి నున్నని పలక పరచటం. ఆ తీసిన బండ మీద ఏమున్నదో చూసేవారుండరు. గుడిమల్లంలో నేలమీది బండలను ఎవరైనా అట్లా తీసి పారవేసి ఉంటే బాణుల పేరు ఇక్కడ మనకు తెలిసేది కాదు. మీ ఊరి గుడికి సున్నం వేసేలోగా గోడల మీద, గడపల మీద అక్షరాలున్నాయేమో చూడండి. ఉంటే పురావస్తు శాఖకు ఒక ఉత్తరం వ్రాయండి.

గుడిమల్లం చూడబోయేవారు దర్శనానికి ముందు ఒకసారి విమానం వెనుకకు వెళ్లి నిలబడండి. వంపు అక్కడనే బాగా తెలుస్తుంది. తరువాత నేలను చూస్తూ నెమ్మదిగా ప్రదక్షిణం చేయండి. లోపలికి వెళ్లి ఆ పల్లంలో నిలిచిన స్వామిని చూసేటప్పుడు, పూజారిగారిని అడిగి దీపం కొంచెం దించమనండి. మరుగుజ్జు యక్షుని ముఖం అప్పుడు కనిపిస్తుంది.