నిఖా కాసెట్ మీద క్రికెట్ మ్యాచ్: పాత వీసీఆర్‌ని ఇప్పటి టీవీకి కలపడం ఎలా?

విశాఖపట్నం: మా ఖాలా నిఖా 1992లో ఇక్కడే జరిగింది. వీడియో తీయించారు, ఒక వీహెచ్ఎస్ కాసెట్ ఇచ్చారు. నాలుగేళ్ళ తర్వాత, 1996 మార్చి 9న, బెంగళూరులో ఇండియా-పాకిస్తాన్ వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్. మామూ చేతికందిన కాసెట్ వీసీఆర్‌లో పెట్టి రికార్డ్ బటన్ నొక్కేశాడు. అది నిఖా కాసెట్! ఖుత్బా పోయింది, ఖుబూల్ హై పోయింది. వాటి మీద వకార్ యూనిస్‌ని అజయ్ జడేజా చితక్కొట్టడం ఎక్కింది. మధ్యలో కరెంటు పోబట్టి రికార్డింగ్ ఆగింది కానీ, లేకపోతే చివర్లో ఉన్న రుఖ్సతీ కూడా పోయేదే. ఆ రుఖ్సతీలోనే మా నానా కూతురి తల మీద చెయ్యి పెట్టి దువా చేస్తారు. ఆయన గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు.

ఇలాంటి కాసెట్లు మన ఇళ్ళల్లో చాలానే ఉంటాయి. గల్ఫ్ నుంచి వస్తూ ఒకరు, షిప్పులో పనిచేసి వస్తూ ఇంకొకరు తెచ్చిన వీసీఆర్లూ అటక మీద ఉంటాయి. షాపుకిచ్చి కాపీ చేయిద్దామంటే, లేడీస్ వైపు తీసిన వీడియో బయటివాళ్ళ చేతికివ్వడం చాలామందికి ఇష్టం ఉండదు. ఇంట్లోనే చేసుకోవచ్చు. నేను బీకాం చదివినవాణ్ణి, ఎలక్ట్రానిక్స్ నాకు రాదు. నాకే కుదిరింది, మీకూ కుదురుతుంది.

ముందు కాసెట్‌ని చూడండి

లేబుల్ అంటించే అంచులో, ఎడమ మూల, చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది ఉంటే కాసెట్ మీద రికార్డ్ అవుతుంది, విరిచేస్తే అవ్వదు. ముందు దాన్ని విరిచేయండి. మామూ చేసిన పొరపాటు మీ ఇంట్లో జరగదు. ఒకసారి చెరిగిపోయిన బొమ్మని ఏ మెకానిక్కూ వెనక్కి తేలేడు.

తర్వాత కాసెట్ కిటికీలోంచి టేపుని చూడండి. చుట్ట మీద తెల్లటి పొడి, మచ్చలు కనిపిస్తే అది ఫంగస్. సముద్రపు తేమ ఉన్న ఊరు మనది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బీరువాల్లోకి కూడా నీళ్ళు వెళ్ళిన ఇళ్ళున్నాయి. బూజు పట్టిన కాసెట్‌ని మెషీన్‌లో పెట్టొద్దు. టేపు అతుక్కుని తెగొచ్చు, ఆ బూజు తర్వాత పెట్టే కాసెట్లకీ అంటుకుంటుంది. అలాంటిది తెలిసిన మెకానిక్‌తో ముందు క్లీన్ చేయించాల్సిందే.

తర్వాత మెషీన్

వెనక రాసున్న ఓల్టేజ్ చదవండి. మన కరెంటు 230 ఓల్టులు. అమెరికా నుంచి తెచ్చినదైతే 110 లేదా 120 అని ఉంటుంది, నేరుగా ప్లగ్ పెడితే కాలిపోతుంది. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

రెండోది కలర్ సిస్టమ్. మనది పాల్. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. సౌదీలో అప్పట్లో సెకామ్ నడిచేది. బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తున్నా, పైకీ కిందికీ దొర్లుతున్నా కంగారు పడొద్దు. మల్టీసిస్టమ్ వీసీఆర్ అయితే కలర్ సిస్టమ్ స్విచ్ మార్చి చూడండి.

వైర్లు ఇలా కలపాలి

వీసీఆర్ వెనక ‘ఇన్’, ‘అవుట్’ అని రెండు వరసలు ఉంటాయి. చూడ్డానికైతే మనకి కావాల్సింది ‘అవుట్’. పసుపు వైరు బొమ్మకి, తెలుపు, ఎరుపు వైర్లు సౌండ్‌కి. సౌండ్‌కి ఒకటే రంధ్రం ఉంటే తెలుపు ఒక్కటి చాలు. రెండో చివరలు టీవీ ‘ఏవీ ఇన్’లో పెట్టి, రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి ‘ఏవీ’ ఎంచుకోండి.

కొత్త టీవీల్లో మూడు రంగుల బదులు ఇయర్‌ఫోన్ పిన్ను పట్టే చిన్న రంధ్రం ఒకటే ఉండొచ్చు. దానికి టీవీతో వచ్చిన వైరే వాడితే మంచిది, వేరే వైర్లలో రంగుల వరస మారొచ్చు. బొమ్మ రాకపోతే పసుపుని మిగతా రెండిట్లో మార్చి చూడండి.

అదీ లేదు, హెచ్‌డీఎంఐ మాత్రమే ఉందంటే చిన్న కన్వర్టర్ డబ్బా కొనాలి. షాపులో ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ అని అడగండి. ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ అన్నది కూడా అచ్చం అలాగే ఉంటుంది, కానీ పని ఉల్టా. నేను మొదట అదే కొనుక్కొచ్చాను.

పసుపు రంధ్రం లేని పాత మెషీన్ అయితే యాంటెన్నా వైరు ‘ఆర్ఎఫ్ అవుట్’ నుంచి టీవీ యాంటెన్నాకి పెట్టి, కాసెట్ నడుస్తుండగా అనలాగ్ ఛానెళ్ళు సెర్చ్ చేయాలి.

మొదట పనికిరాని సినిమా కాసెట్ ఏదైనా వేసి చూడండి. అది టేపు నమలకుండా నడిస్తేనే ఇంటి కాసెట్ పెట్టండి. తెర మీద అడ్డంగా గీతలొస్తే ట్రాకింగ్ బటన్‌తో సర్దుకోవచ్చు. అంతా మసగ్గా ఉంటే హెడ్‌కి మురికి పట్టినట్టు. దూది పుల్లతో రుద్దొద్దు, హెడ్ విరుగుతుంది.

చూస్తూనే రికార్డ్ చేయండి

అసలు మాట ఇది. పాత టేపు ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం. అందుకని ఇంటి కాసెట్‌ని మొదటిసారి వేసినప్పుడే కాపీ కూడా అయిపోవాలి. వీసీఆర్ ‘అవుట్’ వైర్లని యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి పెట్టి, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలపండి. ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. పాల్ ఎంచుకుని, సైజు 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు పెట్టండి. రెండు నిమిషాలు రికార్డ్ చేసి, బొమ్మతో పాటు సౌండ్ వస్తోందో లేదో చూసుకుని అప్పుడు మొత్తం మొదలెట్టండి.

దీనికి షార్ట్‌కట్ లేదు. మూడు గంటల కాసెట్‌కి మూడు గంటలూ కూర్చోవాల్సిందే. ఫైలు 7 జీబీ దాకా రావచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. గంటకొక ముక్కగా రికార్డ్ చేయండి, లేదా ఖాళీ పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ చేసుకోండి. రెండు చోట్ల కాపీ దాచండి, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువుల ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.

ఆలస్యం చేయొద్దు. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. లోపల ఉన్న రబ్బరు బెల్టులు వాడకపోయినా సాగిపోతాయి.

మా ఇంట్లో మ్యాచ్ నడిచినంతసేపూ మామూ తల దించుకునే కూర్చున్నాడు. తెర ఒకసారి గరగరలాడి, జడేజా పోయి ఖాలా వచ్చింది. నానా గొంతు వినగానే అమ్మీ లేచి టీవీ దగ్గరకెళ్ళి నిలబడింది. వెనక నిలబడ్డవాళ్ళల్లో నలుగురిని నేనెప్పుడూ చూడలేదు. అమ్మీ ఒక్కొక్కరి పేరూ చెబుతుంటే కాగితం మీద రాసుకున్నాను. మీరూ ఆ పని చేయండి. మెషీన్ బొమ్మని చూపిస్తుంది కానీ, అందులో ఎవరెవరున్నారో చెప్పాల్సింది ఇంట్లో పెద్దవాళ్ళే.